తొలి ముద్ద అమ్మమ్మది కాదు

నల్గొండ నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. టీచరుగా చేసి రిటైరయ్యారు, వయసు 61. పేరు వేయొద్దన్నారు. రూళ్ళ కాగితాల మీద ఎనిమిది పేజీలు. ఆరో పేజీ మధ్యలో ఇంకు రంగు మారింది. పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇక్కడ ఆపి రెండ్రోజులకు మళ్ళ రాస్తున్న’ అని ఉంది.

సంగతి ఇది. వాళ్ళ బిడ్డ, అల్లుడు చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నారు, అక్కడి పౌరులే. నాలుగోసారి కూడా ఐవీఎఫ్ నిలవకపోయేసరికి దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నారు. మూడేళ్ళు ఎదురుచూశాక ఒక పాప వివరాలు వచ్చాయి. ఐదున్నరేళ్ళు. మహారాష్ట్రలో ఒక శిశుగృహంలో ఉంది, మరాఠీ తప్ప ఇంకో భాష రాదు. వీళ్ళు ఒప్పుకుని సంతకాలు పెట్టి ఏడు నెలలైంది, ఎన్ఓసీ, అంటే దత్తతకు అభ్యంతరం లేదనే ప్రభుత్వ పత్రం, ఇంకా రాలేదు. అది రాగానే బిడ్డ సెలవు పెట్టి వచ్చి పాపను తీసుకుని, మిగతా కాగితాలు పూర్తయ్యేదాకా నల్గొండ ఇంట్లోనే ఉంటుంది. అల్లుడు రెండు వారాలుండి వెళ్ళిపోతాడు.

ఇక్కడ ఇల్లు సిద్ధమైంది. మేడ మీద గదికి గులాబీ రంగు వేయించారు. ఆరు ఫ్రాకులు, వెండి పట్టీలు కొన్నారు. పక్కింటివాళ్ళు వాళ్ళ మనవడి ఊయల ఇచ్చిపోయారు. అమెరికా నుంచి బిడ్డ మాత్రం తెల్లారుజామున ఐదింటికి ఫోన్ చేసి ఏడుస్తోంది. ఆర్టీసీలో రిటైరైన భర్త ‘పాప ఇంటికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు’ అంటూనే, కలెక్టరేట్‌లో తెలిసినాయనను కలుస్తానంటున్నారు. ఆడబిడ్డ ‘ఏ కులమో ఏమో, అయినా అదంత పిల్లలను అమ్ముకునే యవ్వారం’ అంది. మిర్యాలగూడలో ఉండే వియ్యపురాలు ఫోన్ ఎత్తడం మానేసింది. అదే ఇంట్లో ఉండే కొడుకు కూతురు, ఏడేళ్ళది, ‘అత్తమ్మ పాపను ఎంతకు కొంటుంది నానమ్మా’ అని అడిగింది. ఈవిడ సంతోషం పట్టలేక పాప ఫొటోను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది తెలిసి బిడ్డ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక ఎనిమిదో పేజీ. ‘సంతోషం అని రాసిన గని అది నిజం కాదు. ఫొటో చూడంగనే నాకు సంబరం రాలె. ఈ ముక్కు మా ఇంట్ల ఎవ్వరిది కాదు అనిపించింది. అట్ల అనిపించినందుకే గ్రూపుల పెట్టిన, పదిమంది బాగుందంటే నాకూ బాగనిపిస్తదేమో అని. నేను ఈ పిల్లను ప్రేమించగలుగుతనా?’

అక్కా, ఆ చివరి పేజీతోనే మొదలుపెడతాను.

ఇంట్లో బిడ్డ పుడితే మనం మొట్టమొదట చేసే పని పోలికలు పంచుకోవడం. నుదురు తాతది, చెవులు మేనమామవి, కాలివేళ్ళు అచ్చం మేనత్తవి. పురిటి మంచం చుట్టూ గంటలు గంటలు అదే ముచ్చట. మీరు ఫొటో చూడగానే అలవాటు కొద్దీ అదే వెతికారు, దొరకలేదు. ఇంకో సంగతి. నాలుగుసార్లు ఐవీఎఫ్ జరిగినప్పుడు నాలుగుసార్లూ మీ మనసులోకి ఒక మనవడో మనవరాలో వచ్చే ఉంటారు. వాళ్ళ కోసం మీరు ఏడ్చి ఉండరు, బిడ్డ ముందు ఏడవకూడదని. ఈ ఫొటో వచ్చిన రోజే వాళ్ళిక రారని కూడా ఖాయమైంది. ఆ రోజు సంబరం రాకపోతే అందులో వింతేముంది?

ఆ ఫొటో కూడా ఫైలు కోసం గోడ ముందు నిలబెట్టి తీసిందే అయ్యుంటుంది. ఆధార్ కార్డులో ఫొటో చూసి మనల్ని మాత్రం ఎవరు ప్రేమిస్తారు చెప్పండి.

ప్రేమించగలనా అంటే నేను హామీ ఇవ్వలేను. కొందరికి వారంలో వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. వచ్చేదాకా మర్యాద చాలు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏం తింటారని అడుగుతాం, పడుకుంటే చప్పుడు చేయం, వాళ్ళ ఊరిని వాళ్ళ ముందు తక్కువ చేసి మాట్లాడం. ముక్కూ మొహం తెలియని ఇంట్లోకి వచ్చిన ఐదున్నరేళ్ళ పిల్లకు మొదటి నెలలో అది చిన్న విషయం కాదు. ఈ మాట బిడ్డకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే మీలో మీరు కుమిలిపోతారు, మొహంలో దాచడం కష్టం. చెబితే ఆమె నొచ్చుకోవచ్చు. కానీ ఆమెకూ అలాగే అనిపించి ఎవరికీ చెప్పుకోలేక ఉండి ఉంటే, మీ మాటతో ఊపిరి పీల్చుకోవచ్చు కూడా. నేనైతే చెబుతాను, ఫోన్లో కాదు, ఆమె వచ్చాక ఎదురుగా కూర్చుని.

ఇక ఎదురుచూపు. ఫైలు ఎక్కడుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. విదేశీ పౌరులు మన పిల్లను దత్తత తీసుకోవాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. 1993 నాటి హేగ్ ఒప్పందం అది, మన దేశం 2003లో ఆమోదించింది. మీ బిడ్డ వాళ్ళు పాపను ఒప్పుకుంటూ పెట్టిన సంతకాలు ఒక మెట్టు. తర్వాత అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు ఈ పాప విషయాన్ని విడిగా చూడాలి. ఆ తర్వాత ఢిల్లీలోని అమెరికా ఎంబసీ ఆర్టికల్ 5 లెటర్ అనేది, అంటే ఈ దత్తతకు తమ వైపు నుంచి సరేనన్న కాగితం, ఇవ్వాలి. అది చేరాకే, మన దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా, ఎన్ఓసీ ఇస్తుంది. అంటే ఈ ఏడు నెలల్లో చాలా భాగం ఆ ఫైలు అమెరికా వాళ్ళ దగ్గరే ఉండి ఉండొచ్చు. మీ బిడ్డను, వాళ్ళ దత్తత పనులు చూసే ఏజెన్సీ వాళ్ళతో ‘ఎన్ఓసీ ఎప్పుడు’ అనొద్దని చెప్పండి, ‘త్వరలో’ అంటారు. ‘ఆర్టికల్ 5 లెటర్ వచ్చిందా’ అని అడగమనండి. దానికి అవును, కాదు తప్ప ఇంకో జవాబు ఉండదు.

ఎన్ఓసీతో అయిపోదు. శిశుగృహం ఉన్న జిల్లా మేజిస్ట్రేట్, అంటే అక్కడి కలెక్టర్, దత్తత ఆర్డర్ ఇవ్వాలి. ఇదివరకు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబర్ నుంచి ఆ అధికారం మేజిస్ట్రేట్‌ది. దరఖాస్తు చేరాక రెండు నెలల్లో తేల్చాలని చట్టం. దాని తర్వాత మీ బిడ్డ, అల్లుడి పేర్లతో జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, అంతా ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే సర్టిఫికెట్, వీసా. వీటిలో చాలావరకు ఒకదాని వెనుక ఒకటి రావాల్సినవే.

మీ వారికి ఒక మాట. ఆ మేజిస్ట్రేట్ మహారాష్ట్రలో ఉంటారు. నల్గొండ కలెక్టరేట్‌లో ఎంత తెలిసినాయన ఉన్నా ఆ ఫైలు ఆయన టేబుల్ మీదికి రాదు. పైగా పిల్లల విషయంలో బయటి నుంచి సిఫారసు ఫోన్ వెళ్తే అనుమానం పెరుగుతుందే తప్ప పని జరగదు. బస్సు ఇంకా డిపోలోనే ఉంటే స్టాండులో కంట్రోలర్ మీద అరిచి లాభం లేదని, ఆర్టీసీలో చేసిన మనిషికి నేను చెప్పాలా.

తెల్లారుజాము ఫోన్లకు మీరు జవాబు వెతుక్కోవద్దు. ‘వచ్చేస్తదిలే’ అనే మాట మూడేళ్ళుగా విని విని ఆమెకు అరిగిపోయి ఉంటుంది. ఏడవనివ్వండి. రోజూ అదే అయితే మీ ఒంటికి మంచిది కాదు, వారంలో రెండు రోజులు ఈ ఊసెత్తకుండా మాట్లాడుకుందామని అడిగి చూడొచ్చు. తనను దూరం పెడుతున్నారని ఆమె అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఫోన్ పెట్టేశాక మీకు మళ్ళీ నిద్ర పట్టడం లేదని అసలు కారణం చెప్పే అడగండి.

ఇప్పుడు ఇల్లు. నియమాల ప్రకారం ఎన్ఓసీ వచ్చాక, ఆర్డర్ రాకముందే, శిశుగృహానికి హామీపత్రం రాసిచ్చి పాపను దేశం లోపల తమ దగ్గర ఉంచుకోవచ్చు. కాబట్టి మీ ప్లాన్ కుదిరేదే. కానీ దాన్ని ఒకసారి పాప వైపు నుంచి లెక్కపెట్టి చూడండి. కన్నతల్లి దగ్గర నుంచి శిశుగృహానికి. అక్కడి నుంచి నల్గొండకు. నల్గొండ కాస్త అలవాటయ్యేసరికి అమెరికాకు. మీరు గులాబీ రంగు వేయించిన ఆ గది ఆమెకు ఇల్లు కాదు, మధ్యలో మజిలీ.

మూడు దారులున్నాయి. అనుకున్నట్టే నేరుగా నల్గొండ రావచ్చు. మీ బిడ్డకు అండగా మనుషులుంటారు, ఖర్చు తక్కువ. కానీ ఒకేరోజు కొత్త అమ్మ, కొత్త నాన్న, కొత్త భాష, పదిమంది కొత్త మొహాలు. రెండోది, మొదటి పది రోజులు శిశుగృహం ఉన్న ఊళ్ళోనే ఒక చిన్న ఇల్లో సర్వీస్ అపార్ట్‌మెంటో తీసుకుని ముగ్గురే ఉండి, తర్వాత మీ దగ్గరికి రావడం. పాపకు అదే భాష, అదే గాలి. అల్లుడి సెలవు రెండు వారాలే కాబట్టి ఆ రోజులు పూర్తిగా ఆమెకే దక్కుతాయి. మీకు మాత్రం ఇంకో పది రోజులు ఎదురుచూపు. మూడోది, ఆఫీసుల పనులకు దగ్గరని హైదరాబాద్‌లో ఫ్లాటు తీసుకోవడం. అల్లుడు వెళ్ళాక మీ బిడ్డ ఒంటరైపోతుంది, ఇది నాకు నచ్చలేదు. రెండోదాని వైపే నేను మొగ్గుతాను. అక్కడ ఉండి పాప తిండి, నిద్ర, అలవాట్లు తెలుసుకున్నది మీ బిడ్డ అవుతుంది, మీ ఇంటికి వచ్చేసరికి ఆ పిల్లకు తెలిసిన మనిషి ఒకరుంటారు.

మీకు కష్టంగా ఉండే మాట ఇప్పుడు చెప్తున్నాను. పాప మీ ఇంటికొచ్చాక మొదటి కొన్ని వారాలు ఆమెకు మీరు ముద్ద పెట్టొద్దు.

మీరు ఉత్తరంలో రెండుచోట్ల రాశారు, నా చేతితోనే పప్పన్నం కలిపి తినిపిస్తానని. పప్పన్నం చేయండి. మరాఠీ వాళ్ళ వరణ్‌భాత్ అంటే అదే, ఆ పిల్లకు తెలిసిన రుచి. మన నల్గొండ కారం దాని దగ్గరికి రానీయకండి, మీ పచ్చడి జాడీ సంగతి మీకు తెలుసు. నెయ్యి వేసి కలిపి గిన్నె మీ బిడ్డ చేతికివ్వండి. తినిపించడం, స్నానం, జడ, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం, రాత్రి పక్కన పడుకోవడం, ఈ ఐదూ ఆమెవి. శిశుగృహంలో ఆయాలు డ్యూటీలు మారుతుంటారు. పొద్దున ఒకరు తినిపిస్తారు, రాత్రి ఇంకొకరు నిద్రపుచ్చుతారు. ఎవరు పెడితే వాళ్ళ దగ్గర తినడం ఆ పిల్లకు వచ్చు. ‘ఆకలైతే వెళ్ళాల్సిన మనిషి ఈమె ఒక్కతే’ అన్నది ఆమెకు కొత్త, అది పదేపదే జరిగితేనే తెలుస్తుంది. మీరు అనుభవం ఉన్నవాళ్ళు, మీ చెయ్యి చకచకా ఆడుతుంది, మీ బిడ్డది తడబడుతుంది. పాప సహజంగానే మీ వైపు వస్తుంది. రెండు మూడు నెలలు మీ కొంగు పట్టుకుని తిరిగాక విమానం ఎక్కిస్తే, ఆమెకు అది ఇంకో అమ్మ పోవడమే.

చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. మీ బిడ్డకు మీరు ముద్ద పెట్టండి. నిద్ర లేక, భయంతో, సరిగా చేస్తున్నానో లేదోనన్న అనుమానంతో ఉంటుంది. ఆమెను చూసుకునే మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. పాపతో ఆటలు మీవి, పాటలు మీవి, సాయంత్రం డాబా మీద మొక్కలకు నీళ్ళు పోయడం మీ ఇద్దరిది. మొదట్లో కాస్త వెనక్కి ఉండమనే అంటున్నాను. పాప ఏడుపొచ్చినప్పుడు మిమ్మల్ని దాటి వాళ్ళమ్మను వెతుక్కుంటూ వెళ్ళిన రోజు నుంచి మీకిష్టమైనన్ని ముద్దలు పెట్టుకోండి.

కొన్ని చూసి కంగారు పడొద్దు. చపాతీ ముక్కలు, బిస్కెట్లు దిండు కింద దాచుకోవచ్చు. తిట్టకండి, ఆమె చేతికందే చోట ఒక డబ్బాలో ఎప్పుడూ తినడానికేదో ఉంచండి. వరసగా పదిమంది పిల్లల మధ్య పడుకున్న పిల్ల, ఆ పెద్ద గదిలో ఒంటరిగా పడుకోలేదు. శిశుగృహాల్లో చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి మీ వారిని చూసి దాక్కోవచ్చు. ఆయన మనసు కష్టపెట్టుకోకుండా, దగ్గరికి పిలవకుండా, తన పాటికి తాను పేపర్ చదువుకుంటూ కూర్చోవాలి. దానికి భిన్నంగా, వచ్చిన ప్రతి చుట్టం ఒళ్ళోకీ ఎక్కేయవచ్చు కూడా. ‘ఎంత తొందరగా కలిసిపోయిందో’ అని అందరూ మురిసిపోతారు. అది కలిసిపోవడం కాదు, ఎవరు తనవాళ్ళో ఇంకా తెలియకపోవడం. అందుకే మొదటి నెల భోజనాలకు, ఫంక్షన్లకు ఎవర్నీ పిలవకండి.

నాలుగు మరాఠీ మాటలు నేర్చుకోండి. భూక్ లాగలీ అంటే ఆకలేస్తోంది. ఝోప్ ఆలీ అంటే నిద్రొస్తోంది. శూ ఆలీ అన్నది మీకు చెప్పక్కర్లేదు. భీతీ వాటతే అంటే భయమేస్తోంది. భీతి మన మాటే కదా, అది వినగానే అర్థమవుతుంది మీకు. అమ్మమ్మను వాళ్ళు ఆజీ అంటారు. ఆజీ అని పిలిస్తే పలకండి, అమ్మమ్మ అని దిద్దే పని తర్వాత చూసుకోవచ్చు.

చుట్టాల సంగతికొస్తే, మీ ఆడబిడ్డ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. నేనూ ఆ జిల్లాదాన్నే. 1999లో, మళ్ళీ 2001లో దేవరకొండ వైపు తండాల నుంచి లంబాడా ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్ళి, విదేశీ దత్తతల కోసం సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. రోజూ పేపర్లో అదే. ఆ రోజులు చూసినవాళ్ళకు ‘విదేశీ దత్తత’ అంటే గుర్తొచ్చేది అదే. ఆమెతో వాదించకుండా, ఆనాడు జరిగింది నిజమేనని ఒప్పుకోండి. ఇవాళ మీ బిడ్డను ఏడిపిస్తున్న ఈ కాగితాలన్నీ అలాంటివి మళ్ళీ జరగకుండా పెట్టినవేనని చెప్పండి. దొరికిన పిల్ల వయసు రెండేళ్ళు దాటితే, కన్నవాళ్ళ కోసం వెతికాకే, నాలుగు నెలల్లోపు బాలల సంక్షేమ కమిటీ ఆ పిల్లను దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. మన దేశ పౌరులకే ముందు అవకాశం. ఐదేళ్ళు దాటిన పిల్లల విషయంలో చట్టం విదేశాలకు కొంత వెసులుబాటిచ్చింది, ఇక్కడ వాళ్ళను అడిగేవాళ్ళే తక్కువ కాబట్టి. పాప వెళ్ళాక కూడా రెండేళ్ళపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి ఎలా ఉందో రిపోర్టు వస్తూ ఉండాలి.

కులం గురించి అడిగితే మాత్రం జవాబు పెంచకండి. ఆర్డర్ వచ్చిన రోజు నుంచి చట్టం దృష్టిలో ఆమె మీ బిడ్డకు పుట్టిన పిల్లతో సమానం. ‘మా బిడ్డ కూతురు’ అనండి, అక్కడితో వేరే మాటెత్తండి. మీ వారన్నట్టు ఎవరికీ చెప్పకుండా ఉంటే ఈ ప్రశ్నలన్నీ పాప ఎదురుగానే పడతాయి. ఊరంతా చెబితే ఎన్ఓసీ ఆలస్యమైన ప్రతి వారం ‘ఏమైంది’ అని పదిమంది అడుగుతారు. ఇంట్లోకి వచ్చిపోయేవాళ్ళు ఐదారుగురుంటారు కదా, వాళ్ళకు ఇప్పుడే చెప్పేయండి. అనాల్సినవన్నీ పాప రాకముందే అనేసుకోనీయండి.

మీ మనవరాలికి జవాబు ఇంకా బాకీ ఉన్నారు. ‘కొనడం కాదు నాన్నా, ఆ పాపకు ఇంట్లో ఉండేవాళ్ళు లేరు, అత్తమ్మకు పాప లేదు, వీళ్ళిద్దరినీ కలపడానికి ఆఫీసర్లు కాగితాలు రాస్తున్నారు’ అని చెప్పండి. డబ్బులు ఇస్తారా అని మళ్ళీ అడుగుతుంది, పిల్లలు వదలరు. ఫీజులుంటాయి, బడికి కట్టినట్టు, అది పాప ధర కాదు అనండి. ఇంకోటి గమనించారా, ఆరు ఫ్రాకులు కొన్న ఇంట్లో ఆ పిల్లకు ఏం కొన్నారో మీ ఉత్తరంలో లేదు.

ఫొటో విషయంలో మీ బిడ్డ కోపం సబబే. దత్తతలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలోనే ఉంది. గ్రూపులో తీసేయండి, సేవ్ చేసుకున్నవాళ్ళను విడివిడిగా అడిగి తీయించండి, ఎందుకని అడిగితే చట్టం పేరు చెప్పండి, నిష్ఠూరం మీ మీద పడదు.

వియ్యపురాలి ఫోన్ బెడద మీది కాదు, అల్లుడిది. ఆయన తల్లితో ఆయనే మాట్లాడాలి, మధ్యలో మీరు వెళ్తే అది రెండిళ్ళ తగువైపోతుంది. పాప పేరు మార్చి మీ అమ్మగారి పేరు పెట్టాలన్న కోరిక కూడా మీ బిడ్డ, అల్లుడు తేల్చుకోవాల్సిందే. నన్నడిగితే, ఐదున్నరేళ్ళుగా ఆ పేరుకు పలుకుతోంది, దాన్ని ఉండనిచ్చి పక్కన మీ అమ్మగారిది చేర్చుకోవచ్చు.

ఫ్రాకులు ఏడు నెలల కిందటి కొలతలవి, బిల్లులుంటే ఇప్పుడే మార్చుకోండి, రెండు చాలు, మిగతావి ఆమెనే షాపుకు తీసుకెళ్ళి ఎంచుకోనివ్వొచ్చు. పట్టీలు దాచండి. ఊయల మాత్రం పక్కింటివాళ్ళకు తిరిగిచ్చేయండి అక్కా, ఐదున్నరేళ్ళ పిల్ల అందులో పట్టదు.